‘బాగున్నాను’ అంటే నమ్మకండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల గురించి అధ్యక్షులు ముందే చెప్పారు, నేను నేరుగా విషయంలోకి వస్తాను. తీవ్రమైన చలిలో మనిషికి లోకం ఎలా తెలుస్తుందో చెప్పమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేశాను. ఒక చలికాలం సియాచిన్‌లో ఉన్నాను.

అక్కడ ముందు మోసపోయేది కన్ను. ఆకాశం తెలుపు, నేల తెలుపు. ఎక్కడా నీడ పడదు. నీడ లేకపోతే ఏది గుంతో, ఏది గట్టో తెలియదు. కాలు పెట్టాకే తెలుస్తుంది. ఇక వాసనలు దాదాపు ఉండవు. సెలవు మీద వచ్చి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినప్పుడు టీ, డీజిలు, మల్లెపూలు అన్నీ ఒకేసారి ముక్కుకు తగిలి, ఏడుపొచ్చింది.

చర్మం సంగతి మీకూ తెలుసు. జనవరి సాయంత్రం బాల్కనీలో బట్టలు పట్టుకుని, ఆరాయా లేదా అని ఎన్నిసార్లు తికమకపడి ఉంటారు? మన చర్మంలో తడిని కనిపెట్టే నాడులు విడిగా లేవు. చల్లదనాన్నీ, తాకిడినీ కలిపి మెదడే ‘తడి’ అని లెక్కగడుతుంది. నుదుటికి రాసుకునే బామ్ చల్లగా అనిపించడమూ అలాంటిదే. అందులోని మెంథాల్, నాడుల కొసల్లో చలిని పసిగట్టే ప్రోటీన్‌నే, అంటే గ్రాహకాన్నే తట్టిలేపుతుంది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ మెంథాల్‌తోనే, ఎవరికి వారు, ఆ గ్రాహకాన్ని పట్టుకున్నారు. 2021లో నోబెల్ అందుకున్నది వాళ్లే.

ఇంకా చాలా రాసుకొచ్చాను. కానీ నా మనసులో ఉన్నది వేరు. క్షమించండి, అదే చెబుతాను.

ఒక రాత్రి తాడు కట్టుకుని నడుస్తున్నాం. నా వెనక కర్నూలు వైపు కుర్రాడు. “ఎలా ఉన్నావు తమ్ముడూ?” అన్నాను. “బాగున్నానన్నా. చలి తగ్గింది” అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. రెండు నిమిషాల తర్వాత వెనక్కి చూశాననే అనుకున్నాను. గడియారం చూస్తే పావుగంట. ఒళ్లు చల్లబడితే లోపలి గడియారమూ మెల్లగా నడుస్తుంది. చల్లటి సముద్రంలో దిగొచ్చిన డైవర్ల చేత సెకన్లు లెక్కపెట్టించి అలన్ బాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లోనే ఈ సంగతి రాశాడు. నాకది చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పటికి వాడు చేతొడుగులు తీసి, కోటు జిప్పు లాగుతున్నాడు. “ఉక్కగా ఉందన్నా” అన్నాడు.

ఒంటి వేడి 37 డిగ్రీల నుంచి 35 కిందికి పడితే ప్రమాదం మొదలవుతుంది. ఇంకా పడి 32కు చేరేసరికి వణుకు ఆగిపోతుంది. మాట ముద్దవుతుంది, వేళ్లు తడబడతాయి. కొందరు ఒళ్లు మండుతోందని బట్టలు విప్పేస్తారు. వాడు బతికాడు. మూడు వేళ్లు పోయాయి. కాగితం మీద మాత్రం “చేతొడుగులు స్వయంగా తీసివేసెను, నిర్లక్ష్యము” అని రాశారు. ఎవరు రాశారో చెప్పను. నిర్లక్ష్యం వాడిది కాదు. వాడి మెదడు గడ్డకట్టే చలిలో ఉంది. వాడి జవాబు నమ్మింది నేను. వణుకు ఆగిందంటే బాగైందనుకున్నది నేను.

ఇది హైదరాబాదులో ఎందుకు చెబుతున్నానంటే, పటాన్‌చెరు వైపు చలికాలంలో పది డిగ్రీల కిందికి దిగిపోతుంది. తడిబట్టలు, ముసలితనం, మందు, వీటిలో ఏది తోడైనా ప్రాణం పోవడానికి సియాచిన్ అక్కర్లేదు. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి చర్మం కిందికి రక్తం ఎక్కువగా వచ్చి, ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఫుట్‌పాత్ మీద చొక్కా లేకుండా పడి ఉన్నవాణ్ణి చూసి “తాగి విప్పేసుకున్నాడు” అనేసి దాటిపోకండి. దయచేసి, అమ్మా, బాబూ, దాటిపోకండి. తడిబట్టలు మార్చండి. పైనే కాదు, కింద కూడా దుప్పటి వేయండి. చేతులు రుద్దొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఈ రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను పలకరించండి. “బాగున్నాను సార్” అంటాడు. ఆ మాటతో లోపలికి వెళ్లిపోకండి. చొక్కా పైగుండీ పెట్టుకోమనండి. పెట్టుకునేదాకా అక్కడే నిలబడి ఆయన వేళ్లు చూడండి.