అద్దాల బీరువాలోని చెంబు: పూజకా, వాడుకకా?

(తెరపై: మూసీ దక్షిణపు గట్టు. సాలార్‌జంగ్ మ్యూజియం ముఖద్వారం, లోపలికి పోతున్న సందర్శకులు.)

సాలార్‌జంగ్ మ్యూజియంకు వచ్చినవారు చూడకుండా వెనుదిరగనివి మూడున్నాయి. పాలరాతి మేలిముసుగు వెనుక ముఖం కనిపించే రెబెక్కా శిల్పం ఒకటి, ముందునుంచి మెఫిస్టోఫిలిస్ అనే సైతానుగానూ వెనుకనుంచి మార్గరెట్టా అనే యువతిగానూ కనిపించే కొయ్యబొమ్మ ఇంకొకటి, గంటగంటకూ ఒక బుల్లి మనిషి బయటికి వచ్చి గంట కొట్టిపోయే గడియారం మూడవది. ఆ మూడింటినీ ఈ వీడియోలో వదిలేస్తున్నాం. వాటి దగ్గరకు వెళ్ళే తొందరలో మనం చకచకా దాటిపోయే అద్దాల బీరువాలలో చేతులు కడిగే చెంబులు, తమలపాకుల పెట్టెలు, హుక్కా బుడ్లు, పళ్ళేలు, కత్తులు, ఉంగరాలు ఉన్నాయి. మన మాటలన్నీ వాటి గురించి, అటువంటివే అయిన ఇతర దేశాల వస్తువుల గురించి.

మ్యూజియంలలో సాధారణంగా ఒక విభజన కనిపిస్తుంది. పూజా సామగ్రి ఒకవైపు, ఇంటి సామాను మరొకవైపు. బీరువాలు సర్దేవారికి ఇది సౌకర్యమే గాని, ఆ వస్తువులను వాడినవారి ఇళ్ళలో ఈ గీత ఇంత కచ్చితంగా ఉండేది కాదు. నిన్నటిదాకా వంటింట్లో ఉన్న పాత్ర ఇవాళ దేవుడి ముందుకు చేరవచ్చు, పండుగ దాటాక మళ్ళీ వంటింటికే రావచ్చు. కాబట్టి ఒక వస్తువు గురించి పేరుపలక చెప్పేదానితో ఆగిపోకుండా, అది ఎక్కడ అరిగింది, ఎక్కడ మసిబారింది, దానికి ఎక్కడ అతుకు పడింది అని చూడాలి.

ఈ సేకరణలో సింహభాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టినది. 1889లో పుట్టిన ఈయన 1912 నుంచి 1914 వరకు ఏడవ నిజాం దగ్గర దివానుగా, అంటే ప్రధానమంత్రిగా పనిచేసి, ఆ పదవి వదిలాక తన ఆదాయంలో పెద్దభాగాన్ని వస్తువులు కొనడానికే వెచ్చించారు. 1949లో ఆయన అవివాహితులుగానే కన్నుమూయగా, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియంను ప్రారంభించారు. ఇప్పటి భవనంలోకి అది 1968లో మారింది. ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఇది పరిశోధకులు ఊరూరా తిరిగి పోగుచేసిన సేకరణ కాదు, ఒక నవాబు ఇంటి సామానూ ఆయన అభిరుచీ కలిసి తయారైన సేకరణ. ఇక్కడ వెదకవలసింది రైతు కొడవలిని కాదు, జేడ్ అనే విలువైన రాతితో చేసిన పిడి ఉన్న కత్తిని. ప్రపంచం నలుమూలలూ ఇక్కడ ఉన్నాయని తరచు వింటాం. ఆ మాట నిజమే గాని, ఉన్నది ప్రధానంగా కలిగినవారి ప్రపంచం.

(తెరపై: నల్లని లోహం మీద వెండి పని, బాగా దగ్గరగా.)

ముందుగా బిద్రీ, అంటే నల్లని లోహం మీద వెండి పొదిగే బీదరు పనితనంతో చేసిన ఆఫ్తాబా, చిలంచీ. ఆఫ్తాబా కొమ్ముచెంబు, చిలంచీ దాని కింద పట్టే తొట్టి. దక్కనీ ఇళ్ళలో విందుకు కూర్చున్న అతిథి చేతుల మీద నౌకరు కొమ్ముచెంబుతో నీళ్ళు పోస్తుంటే, ఆ నీళ్ళు చిలంచీ మీది చిల్లుల మూత గుండా లోపలికి జారిపోతాయి. ఒకరు చేతులు కడిగిన నీళ్ళు పక్కవారి కంట పడకుండా చేసిన ఏర్పాటది. ఇదే రకం కొమ్ముచెంబు నమాజుకు ముందు వజూ చేసుకోవడానికీ, అంటే ముఖమూ చేతులూ కాళ్ళూ శుభ్రపరచుకోవడానికీ పనికివచ్చేది. మరి దీన్ని భోజనాల సామానుతో సర్దాలా, ప్రార్థనల సామానుతో సర్దాలా?

బిద్రీ తయారయ్యే తీరు తెలిస్తే ఈ చెంబును చదవడం మరింత తేలిక. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, పైన నగిషీ చెక్కి, ఆ గాళ్ళలో వెండి తీగనో రేకునో పెట్టి సుత్తితో కొట్టి కూరుస్తారు. చివర బీదరు కోట మట్టిని నవసాగరంతో కలిపి పట్టిస్తే, జింకు మిశ్రమం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఈ నలుపు లోహపు పైపొరకే పరిమితం. అందువల్ల పిడి లోపలివైపున, మూత బొడిపె చుట్టూ, అంటే రోజూ చెయ్యి పడే చోట్ల, నలుపు పలచబడి వెండి అంచులు నునుపెక్కి ఉంటే ఆ చెంబు బాగా వాడినదని, ఎక్కడా గీత లేకుండా ఉంటే చూపుకే ఉంచినదని ఊహించవచ్చు. తరువాతి కాలంలో మళ్ళీ నలుపు ఎక్కించిన వస్తువుల విషయంలో మాత్రం ఈ లెక్క చెల్లదు.

ఇదే మ్యూజియంలోని జేడ్ గ్యాలరీలో షాజహాన్ బిరుదు చెక్కి ఉన్న ఒక ఉంగరం ఉంది. అది వేలికి అందం కోసం పుట్టిన నగ కాదు. మొఘల్ విలుకాడు అల్లెతాడును బొటనవేలితో లాగుతాడు. తాడు ఒరిపిడికి చర్మం కోసుకుపోకుండా బొటనవేలికి ఈ ఉంగరం తొడుగుకొంటాడు. ఒక పనిముట్టు మీద పాదుషా బిరుదు చెక్కడంతో అది హోదాకు గుర్తయింది. చైనానుంచి వచ్చిన లేతాకుపచ్చ సెలడాన్ పళ్ళేలదీ ఇటువంటి సంగతే. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఆ పళ్ళెం పగులుతుందనో, రంగు మారుతుందనో రాజుల ఇళ్ళలో నమ్మేవారు. పింగాణీకి అటువంటి గుణమేదీ లేదు. అయినా ఆ నమ్మకం వల్ల అన్నం తినే పళ్ళెం ఒక రక్ష కూడా అయింది.

(తెరపై: పసుపు రాసి, అంచుకు వేపాకు కట్టిన బోనం కుండ.)

మన ఇళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఏడాది పొడవునా మూలన నిలబెట్టి ఉండే రోకలికి పెళ్ళినాడు పసుపుకుంకుమలు పెట్టి, దారం కట్టి, ముత్తైదువలు పసుపు దంచుతారు. ఆషాఢంలో అన్నం వండిన కుండ మీద దీపం పెట్టి తలకెత్తుకొన్న క్షణంనుంచి అది బోనం. గోల్కొండ జగదంబకో, లాల్ దర్వాజా అమ్మవారికో అర్పించేదాకా దానికి వేరే మర్యాద. దసరాకు స్పానర్లకు, కుట్టుమిషన్లకు, ఆటోలకు పూలదండలు వేస్తాం. జపాన్‌లో దర్జీలు, బట్టలు కుట్టే ఆడవాళ్ళు టోక్యో ప్రాంతంలో ఫిబ్రవరి 8న, క్యోటో ప్రాంతంలో డిసెంబరు 8న, విరిగిన సూదులను గుడికి తీసుకుపోయి మెత్తని టోఫూ ముక్కలో గుచ్చుతారు. ఏడాదంతా గట్టి బట్టల్లో దిగబడి శ్రమించిన సూదికి చివరికి మెత్తని చోటు ఇవ్వడమని దాని భావం.

ఘానాలోని అసాంతే ప్రజల పీటను గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒకే మొద్దులోంచి చెక్కే ఈ పీటకు కూర్చునే పలక నెలవంకలా వంగి ఉంటుంది. పీట మనిషి సొంతం, అతని ఆత్మకు దగ్గరిదని నమ్మకం. యజమాని లేచిపోయేటప్పుడు దాన్ని పక్కకు ఒరిగించిపోతాడు, ఖాళీ పీట మీద ఊరూపేరూ లేని ఆత్మ ఏదీ వచ్చి కూర్చోకుండా. మంచి పేరు తెచ్చుకున్న రాజు చనిపోతే అతని పీటకు మసి పట్టించి నల్లబరచి, ప్రత్యేకమైన గదిలో ఉంచి నైవేద్యాలు పెడతారు. మ్యూజియంలలో చాలాచోట్ల ఈ పీటలను నిటారుగా, దిమ్మె మీద, దీపాల వెలుగులో నిలబెడతారు; చూడటానికి అదే అనువు, కాని వాటిని వాడినవారు ఖాళీ పీటను అలా వదిలి ఉండరు. ఇక జాతికంతటికీ చెందిన బంగారు పీట మీద రాజు కూడా కూర్చోడు. 1900లో బ్రిటిష్ గవర్నర్ ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ దాని మీద తాను కూర్చోవాలని అడగడంతో యుద్ధమే వచ్చింది. ఆ యుద్ధాన్ని నడిపిన రాజమాత యా అసాంతెవాను ఓడించి, బ్రిటిష్‌వారు సీషెల్స్ దీవులకు పంపించివేశారు.

ఆ సీషెల్స్ దీవులలోనే పెరిగే జంట కొబ్బరికాయ చిప్ప, ఆ దీవుల జాడ నావికులకు తెలియక ముందు, అలలకు కొట్టుకొచ్చి మాల్దీవుల తీరాన, మన తీరాన చేరేది. చెట్టును ఎవరూ చూడలేదు గనుక అది సముద్రం అడుగున కాస్తుందనుకున్నారు. ఆ చిప్పకు గొలుసు కట్టి ఫకీర్లు భిక్షాపాత్రగా వాడేవారు, కష్కోల్ అనేది దాన్నే. వాళ్ళు భిక్షాన్నం తిన్నదీ, నీళ్ళు తాగిందీ అందులోనే. తరువాత ఇదే ఆకారాన్ని ఇత్తడిలో, వెండిలో పోతపోసి ధనికులు ముచ్చటగా గోడకు తగిలించుకున్నారు. ఏమీ లేనివాడి పాత్రకు ఈ గతి పట్టడం నాకు కొంచెం వింతగానే తోస్తుంది.

(తెరపై: అరచేతికన్నా కొంచెం పొడవైన కొయ్యబొమ్మ ముఖం, దగ్గరగా.)

నైజీరియా నైరుతి భాగంలో ఉండే యొరూబా ప్రజల్లో కవలలు పుట్టడం ప్రపంచంలోనే చాలా ఎక్కువ. కవలల్లో ఒకరు చనిపోతే, ఇఫా సోదె చెప్పే పెద్ద సలహా మేరకు, తల్లిదండ్రులు ఒక చిన్న కొయ్యబొమ్మను చెక్కిస్తారు. దాని పేరు ఇబేజీ. పోయింది పసిబిడ్డే అయినా బొమ్మను పెరిగిన మనిషి రూపంలో చెక్కుతారు. తల్లి ఆ బొమ్మకు నీళ్ళు పోస్తుంది, బట్ట కడుతుంది, బతికున్న బిడ్డకు తినిపించే వేళకు దాని పెదవులకూ ముద్ద తాకిస్తుంది, ఒంటికి ఎర్రని చెక్కపొడిని నూనెతో కలిపి రాస్తుంది, జుట్టుకు నీలిరంగు పట్టిస్తుంది. తరువాతి కాలంలో ఆ నీలిరంగుకు బట్టలుతికే నీలిమందు కూడా వాడారు. ఏళ్ళ తరబడి ఇలా కడగగా, నిమరగా కళ్ళు, ముక్కు, పెదవులు దాదాపు చెరిగిపోయి ముఖం నున్నగా మిగిలిన ఇబేజీలు ఎన్నో ఉన్నాయి. ముక్కు గీతలు స్పష్టంగా ఉన్న బొమ్మ శిల్పి పనితనాన్ని చూపిస్తుంది, ముఖం చెరిగిన బొమ్మ ఒక తల్లి చేతిని చూపిస్తుంది. రెండవదాన్నే నేను ఎక్కువసేపు చూస్తాను. దాన్ని పూజావిగ్రహమనడం తప్పు కాదు, కాని ఆ తల్లి చేసిందంతా రోజూ చేసే పనే.

తెలియనిదాన్నంతా పూజకు అంటగట్టే అలవాటు మరొక చిక్కు. రోమన్ సామ్రాజ్యపు వాయవ్య భాగంలో, పన్నెండు ముఖాలు, ముఖానికొక రంధ్రం, మూలమూలకూ ఒక గుండు ఉన్న బోలు కంచు వస్తువులు వందకు పైగా దొరికాయి. రోమన్ల రాతల్లో వాటి ప్రస్తావన లేదు. కొలబద్ద అన్నవారున్నారు, దీపస్తంభం అన్నవారున్నారు, ఏదీ తేలకపోయేసరికి బహుశా మతసంబంధమైనదన్నవారూ ఉన్నారు. తెలియదు అని రాసిన పేరుపలకే ఇక్కడ నిజాయితీ గలది.

(తెరపై: పీర్ల చావిడి. ధట్టీలు కట్టిన పీర్లను పైకెత్తుతున్న జనం.)

హైదరాబాదులో బీరువాలోకి పోకుండా ఇంకా జనం చేతుల్లోనే ఉన్న వస్తువు ఆలం. కర్బలాలో అమరుడైన ఇమాం హుస్సేన్ స్మృతికి నిలిపే ఈ లోహపు చిహ్నాలు కొన్ని అరచేతి ఆకారంలో, కొన్ని నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో వాటిని మొహర్రంకు నిలుపుతారు, పదవ రోజున బీబీ కా ఆలంను దబీర్‌పురానుంచి ఊరేగిస్తారు. తెలంగాణ పల్లెల్లో వీటినే పీర్లంటాం. పీరును ఎత్తుకొనేవారిలో, అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులు తక్కువేమీ కాదు. మ్యూజియంలో ఆలం ఎదురైతే కంటికి కనబడేది లోహం మీది చెక్కడం, అక్షరాలు. చావిడిలో అవి కనిపించనే కనిపించవు. మొక్కుకున్నవారు కట్టిన రంగురంగుల ధట్టీలు అనే గుడ్డలు, పూలు, సెహ్రాలు అనే దండలు దాన్ని పూర్తిగా కప్పేస్తాయి. పండుగ ముగిశాక పీరును చెరువుకో వాగుకో తీసుకుపోయి కడిగి, గుడ్డ చుట్టి, మరుసటి ఏటిదాకా పెట్టెలో పెడతారు.

కడగడం అన్నచోట మ్యూజియం పద్ధతి మన పద్ధతికి వేరు. ఇత్తడిని మనం చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, కాని ఆ పులుపు ప్రతిసారీ లోహపు పైపొరను కొంచెం తినేస్తుంది; నూరేళ్ళు తోమిన చెంబు మీద అక్షరాలు మిగలవు. అందుకే మ్యూజియంలో చింతపండును దగ్గరకు రానివ్వరు. చెమటలోని ఉప్పు లోహాన్ని మచ్చపరుస్తుంది కనుక చేతికి తొడుగు లేకుండా ముట్టుకోరు. ఇబేజీ ఒంటి మీది ఎర్రపొడిని, దీపపు కుంది మీది నూనె జిడ్డును మురికి అని తుడిచేస్తే, ఆ వస్తువు ఎలా వాడారో చెప్పే సాక్ష్యం పోతుంది. అట్లాగని వదిలేస్తే పురుగో బూజో పడుతుంది. ఎంత తుడవాలి అన్నది ప్రతి వస్తువుకూ విడిగా తేల్చుకోవలసిందే.

సాలార్‌జంగ్‌కు వెళ్ళినప్పుడు బిద్రీ గ్యాలరీలో హుక్కా బుడ్ల అడుగు అంచును, పాన్‌దాన్‌ల (తమలపాకుల పెట్టెల) మూతల కీలును వంగి చూడండి. జేడ్ గ్యాలరీలో ఆ ఉంగరం ఏ వైపు సాగి ఉందో గమనించి, తాడు ఆనే చోటు ఏదో పోల్చుకోండి. చైనా, జపాన్ సామాను తూర్పు బ్లాకులో, ఐరోపా సామాను పశ్చిమ బ్లాకులో ఉన్నాయి కనుక ఒక పూటలో రెండూ పెట్టుకోకుండా ఒక్కదానికే సమయం ఇవ్వడం మేలు. శుక్రవారం మ్యూజియంకు సెలవు.