56 ఏపీవో అనే ఊరు

హోస్ట్: నమస్కారం. ఈ రోజు మనతో ఉన్న అక్క ఒక రిటైర్డ్ కర్నల్ గారి అమ్మాయి, సైనిక్‌పురిలో ఉంటారు. అక్కా, చిన్నప్పుడు నాన్నగారంటే భయమా?

అతిథి: అందరూ అదే అడుగుతారు. భయపడడానికి ఆయన ఇంట్లో ఉండాలి కదా! ఫీల్డ్ పోస్టింగ్ పడితే మేము తిరుమలగిరి క్వార్టర్స్‌లో, ఆయన ఎక్కడో సరిహద్దులో. చిరునామా మాత్రం 56 ఏపీవో. అది ఊరనుకుని అట్లాసంతా వెతికాను.

హోస్ట్: దొరికిందా?

అతిథి: ఎక్కడ దొరుకుతుంది? అది సైనిక తపాలా సంఖ్య. దళం ఎక్కడుందో బయటికి పొక్కకుండా ఎన్నో యూనిట్లకు అదే చిరునామా.

హోస్ట్: ఉత్తరాల్లో ఏమి రాసేవారు?

అతిథి: అన్నీ పనులే! గ్యాస్ బండ మార్చిన తేదీ కేలండర్ మీద రాయి, తమ్ముడి చేత పదమూడో ఎక్కం అప్పచెప్పించు... చచ్చేంత విసుగు. అది పోయింది మేజర్ పద్మపాణి ఆచార్య ఉత్తరం గురించి తెలిశాకే. హైదరాబాదు వారే. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేశారు. 1999లో కార్గిల్ నుంచి ఆ తండ్రికే రాశారు, గర్భవతి అయిన భార్యకు రోజూ ఒక మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డ కోసం. జూన్ 28న వీరమరణం పొందారు. పాప ఆ తర్వాతే పుట్టింది. మహావీర చక్ర ఇచ్చారు. అందరూ ఆ ఉత్తరంలో ధైర్యం చూస్తారు. నాకు మాత్రం ఇంట్లో తన వంతు పనిని ఇంకొకరికి అప్పగిస్తున్న తండ్రి కనిపించారు. మా నాన్న గ్యాస్ బండతో చేసిందీ అదే.

హోస్ట్: బదిలీల సంగతి?

అతిథి: ఏడు కేంద్రీయ విద్యాలయాలు. నల్ల ట్రంకు పెట్టెల మీద పాత యూనిట్ పేరు చెరిపి కొత్తది తెల్లరంగుతో రాయడం నా వంతు. మూడో బదిలీ నుంచి ఏడవడం మానేశాను. ధైర్యం వచ్చిందనుకునేదాన్ని. ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను.

హోస్ట్: రిటైరయ్యాక?

అతిథి: అమ్మ రాజ్యానికి చుట్టపుచూపుగా వచ్చినట్టే! మొదటి వారమే వంటింటి డబ్బాలను ఎత్తు ప్రకారం వరుసలో నిలబెట్టారు. మర్నాటికి కారం డబ్బా మళ్లీ పొయ్యి పక్కకు చేరింది. ఆ యుద్ధం రెండు నెలలు సాగింది. అమ్మే గెలిచింది.

హోస్ట్: మరి మీ అబ్బాయి?

అతిథి: పుట్టినప్పటి నుంచి ఒకటే ఇల్లు. వీధిలో కుక్కలన్నిటికీ పేర్లు పెట్టింది వాడే. చూస్తుంటే కాస్త అసూయగా ఉంటుంది.