పళ్లెంలో పెరిగే బల్లి కణాలు: సరీసృపాల జన్యువులను ఎలా పరీక్షిస్తున్నారు?

[దృశ్యం: కొమ్మ మీద ఒక చిన్న బల్లి, గొంతు కింద ఎర్రటి తోలు విచ్చుకుని ముడుచుకుంటుంది]

క్యూబా, బహమాస్ దీవులకు చెంది, ఆ తరువాత ఫ్లోరిడా అంతటా విస్తరించిన ఈ ప్రాణి పేరు గోధుమ రంగు అనోల్. శాస్త్రీయ నామం అనోలిస్ సాగ్రై. చూడగానే మన తొండ గుర్తుకు వచ్చే ఈ బల్లి, సరీసృపాల జన్యువుల పనితీరును పరిశోధించేవారికి నేడు ఒక ముఖ్యమైన ఆధారం.

ఎలుకలోనైతే ఏకకణ దశలో ఉన్న పిండాన్ని బయటకు తీసి, క్రిస్పర్‌తో, అంటే డీఎన్‌ఏను కోరినచోట కోసే పనిముట్టుతో, జన్యువును మార్చి, తిరిగి గర్భంలో ప్రవేశపెట్టవచ్చు. బల్లిలో అది సాధ్యపడలేదు. ఆడ బల్లి శుక్రకణాలను నెలల తరబడి తన శరీరంలోనే నిల్వ ఉంచుకుంటుంది కనుక ఫలదీకరణం ఎప్పుడు జరుగుతుందో పసిగట్టడం కష్టం. గుడ్డు బయటపడే నాటికి పిండం ఏకకణ దశను ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందువల్ల 2019లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆడ అనోల్‌కు మత్తు ఇచ్చి, శస్త్రచికిత్స చేసి, అండాశయంలో ఇంకా ఫలదీకరణం చెందని అండాల్లోకే క్రిస్పర్‌ను సూదితో ఎక్కించారు. వారు దెబ్బతీసిన టైరోసినేజ్ జన్యువు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి అవసరమైనది కాబట్టి, రంగులేని పిల్లలు పుట్టగానే ప్రయోగం ఫలించిందని తెలిసిపోయింది. ఎంపికలోనే తెలివి ఉంది.

అయితే అనోల్ ఒక విడతకు ఒక్క గుడ్డే పెడుతుంది. ప్రతి సందేహానికీ శస్త్రచికిత్స చేస్తూ పోవడం ఎవరి తరమూ కాదు.

[దృశ్యం: సూక్ష్మదర్శిని కింద, పళ్లెం అడుగున పరుచుకున్న సన్నని, పొడవాటి కణాలు]

ఇక్కడ అక్కరకు వచ్చేది కణ శ్రేణి. జంతువు నుంచి వేరుచేసిన సాధారణ కణాలు కొన్ని విడతలు మాత్రమే విభజన చెంది ఆగిపోతాయి. ఆగకుండా విభజన చెందే స్థితికి చేరిన కణాల సంతతినే కణ శ్రేణి అంటారు. ఇగ్వానా, గెక్కో అనే ఇతర బల్లి జాతుల్లో మొదటిదాని గుండె నుంచి, రెండోదాని ఊపిరితిత్తుల నుంచి తీసిన కణ శ్రేణులు దశాబ్దాలుగా ఉన్నాయి. కొరతల్లా, పిండ దశను, జన్యు సవరణను కలిపి పరిశీలించడానికి వీలైన అనోల్ కణాలకే. ఈ జాతి పిండాల నుంచే రూపొందించిన ఏఎస్ఈసీ-1 అనే శ్రేణి ఆ కొరతను తీరుస్తోంది.

సరీసృపాల కణాలను సాధారణంగా 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచుతారు. ఎలుక, మనిషి కణాలకు వాడే 37 డిగ్రీల ఇంక్యుబేటర్ వీటికి తగదు. క్రిస్పర్‌ను కణాల్లోకి పంపిన తరువాత, వాటిని పళ్లెంలోని ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి ఉండేలా విడదీసి, ఒకే కణం నుంచి పెరిగిన గుంపులో డీఎన్‌ఏ క్రమాన్ని చదివి, కోత అనుకున్నచోటే పడిందో లేదో నిర్ధారిస్తారు. క్రిస్పర్‌కు కోయాల్సిన చోటు చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏల్లో ఏది సరిగా పని చేస్తుందో ఇక్కడే తేల్చుకుంటే, విలువైన అండాలు వృథా కావు. నా దృష్టిలో ఈ ఒక్క ప్రయోజనం చాలు, కణ శ్రేణి కోసం పడిన శ్రమకు.

అవయవాల ఎదుగుదలను నడిపే హెడ్జ్‌హాగ్ వంటి సంకేత మార్గాలను (కణానికి అందిన సందేశాన్ని లోపలికి చేరవేసే ప్రోటీన్ల వరుసలను) కూడా ఈ పద్ధతిలో విడదీసి చూడవచ్చు. ఒక జన్యువును తొలగించినప్పుడు సంకేతం ఎక్కడ తెగిపోతుందో కణంలోనే కొలవవచ్చు.

పరిమితులు లేకపోలేదు. ఎడతెగక విభజన చెందే కణాల్లో క్రోమోజోములు మారిపోయే ప్రమాదం ఉంటుంది కనుక వాటిని తరచూ సరిచూసుకోవాలి. అనోల్ కాలివేళ్ల కింద పట్టునిచ్చే మెత్తలు ఎలా ఏర్పడతాయన్న ప్రశ్నకు, పళ్లెంలో పరుచుకున్న ఒకే రకం కణాలు జవాబు ఇవ్వలేవు; అందుకు ఎదుగుతున్న పిండమే కావాలి, అంటే మళ్లీ ఆ శస్త్రచికిత్సే చేయాలి.