గరాజ్ పైన గది: ఇన్సులేషన్ మార్చాక చలి తగ్గిందా?

నమస్కారం అండీ. ఇప్పుడు నేను కూర్చున్నది మిషిగన్‌లో మా ఇంట్లో, గరాజ్ పైనున్న గదిలో. బయట 12 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 11 సెల్సియస్. పోయిన జనవరిలో అయితే ఇక్కడ కూర్చునేవాణ్ణే కాదు. ఇల్లంతా 70 ఉంటే ఈ గది 60 దాటేది కాదు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మకి ఈ గదే ఇచ్చాం, పాపం. రెండు జతల సాక్సులు వేసుకుని, "ఒరే, నేల జిల్లుమంటోందిరా" అనేది. 1,500 వాట్ల హీటర్ పెట్టాం. బిల్లు పెరిగింది, నేల మాత్రం అలాగే ఉంది.

చివరికి గరాజ్ సీలింగ్‌లో ఒక ముక్క కోసి చూశాను. ఇదిగో ఫొటో. ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్ ఉంది, కానీ జారి సీలింగ్ మీద పడుకుంది. దానికీ పై నేలకీ మధ్య మూడంగుళాల ఖాళీ. రిమ్ జాయిస్ట్ దగ్గర, అంటే దూలాలు బయటి గోడను కలిసే చోట, సందుల్లోంచి చలిగాలి ఆ ఖాళీలోకి దూరుతోంది. దుప్పటి మంచం కింద పరిచి మనం పైన పడుకున్నట్టన్నమాట. ఎంత మందం దుప్పటైతే ఏం లాభం?

స్ప్రే ఫోమ్ అంటే నురగలా కొడితే గట్టిపడేది. అందులో క్లోజ్డ్ సెల్ రకం అంగుళానికి సుమారు ఆర్-6 ఇస్తుంది (ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే లెక్క, ఎక్కువైతే మేలు), గాలినీ ఆపుతుంది. కాకపోతే సీలింగ్ మొత్తం పీకాలి, ఖర్చూ ఎక్కువే. అందుకని రిమ్ జాయిస్ట్ వరకే ఫోమ్ కొట్టించి, మిగతాదంతా సెల్యులోజ్ నింపించాను. పాత పేపర్ల పొడే అండీ, నిప్పంటుకోకుండా బోరేట్ కలుపుతారు. బాగా దట్టించాలి, వదులుగా పోస్తే కొన్నాళ్లకి కిందికి దిగిపోతుంది. మా జాయిస్టుల లోతు తొమ్మిదింపావు అంగుళాలు, అంటే దాదాపు ఆర్-32 వచ్చినట్టే.

ఇప్పుడు గది 67 ఉంటోంది. వైర్ల కంతలు కూడా మూయించాం కాబట్టి కారు స్టార్ట్ చేస్తే పైకి పొగ వాసన రావట్లేదు. నిజానికి నాకు చలికన్నా దానిదే టెన్షన్.

ఇక నచ్చనివి. దుమ్ము, బాబోయ్! పైగా హీటింగ్ డక్ట్ ఉన్న వరసని వదిలేసి వెళ్లిపోయారు. థర్మల్ కెమెరాలో నేల మీద నీలం గీత, అంటే చల్లగా ఉన్న చోటు, చూపించి మళ్లీ రప్పించాను. సీలింగ్‌లో కోసిన చోట్ల ప్యాచ్‌లకి అరంగుళం జిప్సమ్ షీట్ తెచ్చారు. పైన గది ఉన్న గరాజ్‌కి 5/8 అంగుళాల టైప్ ఎక్స్, అంటే మంటని ఎక్కువసేపు తట్టుకునే షీట్, ఉండాలని అదీ మార్పించాను. వాటికి పెయింట్ నేనే వేస్తానని మా ఆవిడతో అని నాలుగు నెలలైంది.