అమెరికాలో రైలు ప్రయాణం ముందుకు వెళ్తుందా? మెట్రోపార్క్ స్టేషన్ నుంచి నా మాట

హాయ్ అండీ, న్యూజెర్సీలోని మెట్రోపార్క్ స్టేషన్‌లో ఉన్నాను, వాషింగ్టన్ వెళ్లే రైలు కోసం. మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్ దగ్గరే కాబట్టి ఈ ప్లాట్‌ఫామ్ మీద తెలుగు మాటలు వినబడుతూనే ఉంటాయి.

అమెరికాలో అందరికీ కార్లున్నాయి, రైళ్లు ఎవరెక్కుతారు అంటారు ఇంటి దగ్గర. ఈ లైన్‌కి ఆ మాట వర్తించదు. బోస్టన్ నుంచి వాషింగ్టన్ దాకా 457 మైళ్లు, పొద్దున్నే న్యూయార్క్ ఆఫీసులకు వెళ్లే మనవాళ్లు చాలామంది దీని మీదే ఆధారపడ్డారు. 2025 ఆగస్టులో ఈ లైన్ మీదకి ఆసెలా అనే హైస్పీడ్ రైళ్లలో కొత్తవి వచ్చాయి, గంటకు 160 మైళ్ల దాకా వెళ్తాయి. అందరూ ఆ స్పీడే చూపిస్తున్నారు, కానీ పాత వంపులు, పాత వంతెనలు ఉన్నచోట అవీ నెమ్మదించాల్సిందే.

నన్ను అడిగితే ఈ దేశంలో రైలు భవిష్యత్తు ఇంజిన్‌లో లేదు, పట్టాల కింద ఉంది. ఇక్కడి నుంచి న్యూయార్క్ వెళ్తుంటే హాకెన్‌సాక్ నది మీద పోర్టల్ బ్రిడ్జి అని ఒకటుంది, 1910లో కట్టింది. పడవ వస్తే దాని మధ్య భాగం పక్కకు తిరిగి దారి ఇవ్వాలి, తిరిగి వచ్చి సరిగ్గా కూర్చోలేదంటే రెండు వైపులా రైళ్లు ఆగిపోతాయి, పొద్దున మీటింగ్ ఉన్నవాళ్ల టెన్షన్ చెప్పక్కర్లేదు. అందుకే పడవల కోసం తెరవక్కర్లేనంత ఎత్తులో పక్కనే కొత్త వంతెన కట్టారు. అది దాటాక హడ్సన్ నది కింద సొరంగం, రెండే గొట్టాలు, అవీ 1910 నాటివే. 2012లో శాండీ తుఫానుకి ఉప్పునీళ్లు లోపలికి వచ్చి కాంక్రీటు, కేబుళ్లు పాడయ్యాయి, పూర్తిగా బాగుచేయాలంటే ఒక గొట్టం చాలాకాలం మూయాలి, మూస్తే మిగిలిన ఒక్కటీ ఇన్ని రైళ్లను మోయలేదు. అందుకని ముందు కొత్త సొరంగం తవ్వాలి, దాని ఖర్చు సుమారు 16 బిలియన్ డాలర్లు. అంత డబ్బా అనిపిస్తుంది, నాకైతే ఇది మానుకోగలిగే ఖర్చు కాదు.

మిగతా దేశంలో చాలావరకు పట్టాలు గూడ్స్ కంపెనీలవి. ప్యాసింజర్ రైలుకే ముందు దారి ఇవ్వాలని చట్టం ఉంది, కానీ ఒకే ట్రాక్ ఉన్నచోట గూడ్స్ రైలు లూప్ లైన్ కన్నా పొడవుంటే అది పక్కకు తప్పుకోలేదు, మనుషులున్న రైలే ఆగి చూడాలి.

డల్లాస్, హ్యూస్టన్ సంగతే నాకు ఎక్కువ బాధ. రెండు ఊళ్లలోనూ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, మధ్య దూరం సుమారు 240 మైళ్లు, రైలుకి ఇంతకన్నా సరైన దూరం ఉండదు, అయినా ఇవాళ నేరుగా వెళ్లే రైలు ఒక్కటీ లేదు. అక్కడి హైస్పీడ్ ప్రాజెక్టుకి ఇచ్చిన దాదాపు 64 మిలియన్ డాలర్ల ఫెడరల్ గ్రాంటు కూడా 2025 ఏప్రిల్‌లో రద్దయింది. టెక్సాస్‌లో ఓటున్న తెలుగువాళ్లు తమ ప్రతినిధులను ఈ రైలు గురించి గట్టిగా అడగాలని నా కోరిక.