పెరట్లో మిగిలిన కాయలు ఎవరికిద్దాం? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: హలో, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: కావలి నుంచండి. మా పెరట్లో సొరపాదు, బీరపాదు, మునగచెట్లు ఉన్నాయి. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, పిల్లలు చెన్నైలో ఉంటారు. ఇరుగుపొరుగుకి పంచినా మిగిలిపోయి, కాయలు ముదిరి పాదుకే ఎండిపోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది మేడమ్. మొన్న ఒక వృద్ధాశ్రమానికి సంచి నిండా మునక్కాయలు తీసుకెళ్తే మొహమాటానికి తీసుకున్నట్టు తీసుకున్నారు. ఎందుకో అర్థం కాలేదు.

సలహాదారు: పళ్లు లేని పెద్దవాళ్లు మునక్కాయ ఎలా నములుతారమ్మా? వాళ్లకు సొరకాయ, బీరకాయ, బచ్చలికూర లాంటి మెత్తగా ఉడికేవి ఇవ్వండి. మునక్కాయలు పిల్లల హాస్టల్‌కి పనికొస్తాయి. ప్రభుత్వ హాస్టలైతే ముందు వార్డెన్‌ని అడగాలి. ఎక్కడికైనా సరే, వంట చేసే మనిషితోనే మాట్లాడండి, ఎంతమంది ఉన్నారు, రేపు ఏం కూర అనుకుంటున్నారు అని. అరవై మంది ఉన్నచోటికి రెండు సొరకాయలు తీసుకెళ్తే వాటిని ఏం చెయ్యాలో వాళ్లకీ తోచదు. వీధిలో పాదులున్న నాలుగిళ్ల వాళ్లు ఒకే రోజు కోసి కలిపి పంపితే ఒక పూట కూర వెళ్లిపోతుంది.

కాలర్: ముదిరినవి కూడా ఇవ్వచ్చా?

సలహాదారు: మీ ఇంట్లో వండుకోనిది వాళ్లకెందుకమ్మా? లేతగా ఉన్నప్పుడే ఇవ్వాలి. పొద్దున్నే ఎండెక్కకముందు కొయ్యండి, కడగొద్దు, తడి తగిలితే దారిలోనే ఆకుకూర కుళ్లుతుంది. మందు కొట్టి ఉంటే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాకే కొయ్యాలి. సొరకాయ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. వండే ముందు ప్రతి కాయ నుంచీ చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడమని వంటామెకు గట్టిగా చెప్పండి. చేదుగా ఉంటే ఉమ్మేసి ఆ కాయ పారేయాలి. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ఒక్కోసారి రక్తపు వాంతులు కూడా అవుతాయి. పెద్ద వయసు వాళ్లు తట్టుకోలేరు.

కాలర్: అయ్యో, ఇది తెలీదండీ. ఇంకోటి మేడమ్, మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే ఆమె ఉంది, భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దామంటే చిన్నబుచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

సలహాదారు: సంచి చేతిలో పెట్టకండి. 'కొమ్మలు నాకందటం లేదు, కాస్త కోసిపెట్టి మీరూ కొంచెం తీసుకుపొండి' అని ఇంటికే పిలవండి. ఫొటోలు అసలొద్దు. అవి గ్రూపుల్లో తిరిగితే రేపు ఆ ఆడపిల్లలు బడిలో తల ఎలా ఎత్తుకుంటారు? ఆమె ఎప్పుడైనా నాలుగు ఇడ్లీలు కట్టిస్తే మాత్రం వద్దనకుండా తీసుకోండమ్మా.

కాలర్: సరేనండీ. రేపే పిలుస్తాను.

యాంకర్: మంచిదమ్మా. తర్వాతి కాల్ ఒంగోలు నుంచి. హలో, చెప్పండి...