సాష్టాంగం సరే, తీర్మానం సంగతేంటి?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. శాలువాలకే అరగంట పోయింది, నేరుగా విషయంలోకి వస్తాను.

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో జనం మీద బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ 1,650 తూటాలు కాల్పించిన సంగతి మీకు తెలిసిందే. నా బాధ ఆ తర్వాత వచ్చిన క్షమాపణల గురించి. 2019లో బ్రిటన్ ప్రధాని థెరెసా మే పార్లమెంటులో విచారం వెలిబుచ్చారు. విచారమేనండీ, క్షమాపణ కాదు. ఆ సెప్టెంబరులో ఇంగ్లండ్ చర్చి పెద్ద, అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ జలియన్‌వాలాబాగ్ వచ్చి, స్మారకం ముందు నేల మీద బోర్లా పడుకున్నారు. సిగ్గుపడుతున్నానన్నారు. ప్రభుత్వం తరఫున మాత్రం మాట్లాడలేనన్నారు.

ఆ ఫోటో చూసి చాలామంది కరిగిపోయారు. నాకు మాత్రం అదే ఊళ్లోని ఒక సందు గుర్తొచ్చింది. అక్కడ ఒక మిషనరీ ఆవిడ మీద దాడి జరిగిందని, ఆ సందులో నడిచే భారతీయులంతా పొట్ట మీద పాకాలని డయ్యర్ ఉత్తర్వు వేశాడు. సోల్జర్లు కాపలా. సొంతింటికి చేరాలన్నా దుమ్ములో పాకాల్సిందే. అలా పాకినవాళ్ల మనవలకి, తనంతట తాను పడుకుని, తనంతట తాను లేచిన పెద్దమనిషి ఎలా కనిపిస్తాడు? మీరే చెప్పండి.

మన పంచాయితీలు చూడండి. కొట్టినవాడు నలుగురిలో బావురుమంటాడు. వెంటనే అందరూ తిరిగేది దెబ్బలు తిన్నవాడి మీదికే. "అంతలా ఏడుస్తుంటే ఇంకా బిగదీసుకుంటావేంట్రా?" అంటారు. అప్పటిదాకా న్యాయం అడిగినవాడు క్షణంలో మొండివాడైపోతాడు. వెనక వరుసలో నవ్వుతున్నారు, మీ ఊళ్లోనూ ఇంతేనన్నమాట!

1914లో భారతీయ వలసదారులతో వచ్చిన కొమగట మారు ఓడని కెనడా వెనక్కి పంపేసింది. ఆ విషయంలో 2008లో కెనడా ప్రధాని హార్పర్ ఒక పార్కులో క్షమాపణ చెబితే అక్కడి సిక్కులు ఒప్పుకోలేదు. పార్లమెంటులో చెప్పమన్నారు. 2016లో ట్రూడో అక్కడే చెప్పారు. వాళ్లు అడిగింది కన్నీళ్లు కాదు, అధికారికమైన మాట.

అమృత్‌సర్‌కి మళ్లీ వస్తాను. 1920లో బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన లార్డ్స్ సభ 129–86 ఓట్లతో తీర్మానం చేసి డయ్యర్‌ని వెనకేసుకొచ్చింది. లండన్‌లోని ఒక పత్రిక చందాలు వసూలు చేసి అతనికి 26 వేల పౌండ్లిచ్చింది. ఆర్చిబిషప్‌గా వెల్బీకి అప్పట్లో ఆ లార్డ్స్ సభలోనే కుర్చీ ఉండేది! పడుకోవడం కాదయ్యా, అక్కడ లేచి నిలబడి మాట్లాడాల్సింది.

గంట కొట్టారు, అయిపోవచ్చింది. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక ఉత్తరం పెట్టాం. 1920 నాటి తీర్మానం తప్పని అదే సభ ఓటు వేసి చెప్పాలని అడిగాం. విచారం వెలిబుచ్చనక్కర్లేదని రెండో పేరాలోనే రాశాం. చదివాకే సంతకం పెట్టండి.